రాతి తీగ నుండి కుట్టు ఫైలు వరకు: లేపాక్షి–ధర్మవరం సీమలో ఆకృతి రూపాంతర చరిత్ర

ఉపోద్ఘాతం

బట్ట మీదికి బొమ్మను తేవడానికి ప్రధానంగా రెండు మార్గాలున్నాయి. బట్ట తయారవుతున్నప్పుడే పడుగు పేకల కలయికలో బొమ్మను తేల్చడం ఒకటి. తయారైన బట్ట మీద సూదీ దారంతో బొమ్మను కుట్టడం రెండవది. మొదటిది నేతపని, రెండవది కుట్టుపని. యంత్రం ప్రవేశించిన తరువాత ఈ రెండింటికీ ఒకే అవసరం ఏర్పడింది. కంటికి కనిపించే బొమ్మను యంత్రం గ్రహించగల సంకేతాల వరుసగా మార్చవలసి వచ్చింది. నేతలో ఆ వరుస చిల్లులు కొట్టిన అట్టల దండ రూపంలో, కుట్టుపనిలో కంప్యూటరు ఫైలు రూపంలో ఉంటుంది. బొమ్మను సంకేతాల వరుసగా మార్చే ఈ పనిని ఇక్కడ ‘ఆకృతి రూపాంతరం’ అని వ్యవహరించడం జరిగింది.

శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాల పరిసరాలు ఈ పరిశీలనకు అనువైన క్షేత్రం. హిందూపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉన్న లేపాక్షి వీరభద్రాలయం వస్త్రాకృతులకు పెద్ద నిధి. ఆ ఆలయ నిర్మాతకు పెనుకొండలోని రాజోద్యోగంతో సంబంధం ఉంది. ధర్మవరం పట్టుచీరల అంచులకు, కొంగులకు లేపాక్షి ఆకృతులు ప్రేరణ అని ప్రసిద్ధి. హిందూపురం పట్టుగూళ్ల విక్రయానికి పేరుపొందిన పట్టణం. పట్టు పరిశ్రమ పరిశోధన సంస్థ దాని పక్కనే కిరికెరలో ఉంది. పట్టుగూడు, పట్టునేత, పట్టుమీద కనిపించే ఆకృతికి మూలమైన శిల్పచిత్రాలు ఇంత దగ్గరగా ఉన్న ప్రాంతాలు తెలుగునాట అరుదు.

ఆకృతి రూపాంతరాన్ని సాధారణంగా నకలు తీసే పనిగా భావిస్తారు. బొమ్మ ముందే ఉంది, యంత్రానికి ఎక్కించడం మాత్రమే మిగిలింది అన్నది ఆ భావన. ఇది సరికాదని, రూపాంతరం ఆద్యంతం నిర్ణయాలతో కూడిన వ్యాఖ్యాన క్రియ అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ నిర్ణయాలు చేసే వ్యక్తి విద్య చట్టంలోనూ, వృత్తి పదకోశంలోనూ తగిన చోటు పొందకపోవడం వల్ల కలిగే నష్టాన్ని చర్చిస్తుంది.

లేపాక్షి: బట్ట నుండి రాతికి, రాతి నుండి బట్టకు

లేపాక్షి ఆలయంలోని ప్రధాన నిర్మాణాలు విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయల కాలానికి (1529–1542) చెందినవి. నంది లక్కిశెట్టి కుమారులైన విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు వీటిని నిర్మింపజేశారు. విరూపణ్ణ పెనుకొండ కేంద్రంగా రాజోద్యోగం చేసినవాడు. పెనుకొండ అప్పటికే రాజ్యంలో ముఖ్యమైన దుర్గం. 1565 యుద్ధం తరువాత తిరుమలరాయల కాలంలో రాజధాని అయింది. మగ్గాల మీద పన్ను విధించిన ప్రస్తావనలు విజయనగర కాలపు శాసనాలలో ఉన్నాయి. నేత ఆనాటి రాజ్య ఆదాయంలో గుర్తింపు పొందిన వృత్తి అనడానికి ఇవి చాలిన సాక్ష్యాలు.

నాట్యమండపం పైకప్పు మీద పార్వతీ కల్యాణం, ద్రౌపదీ స్వయంవరం, కిరాతార్జునీయం మొదలైన ఘట్టాలను చిత్రించారు. ఈ చిత్రాలలో కథ ఎంత ముఖ్యమో కట్టు అంత ముఖ్యం. వరుసగా నిలుచున్న స్త్రీల చీరల మీద చారలు, గళ్లు, పూలు, హంసల బారులు వేరువేరుగా కనిపిస్తాయి. ఒకరి చీర మరొకరి చీరలా ఉండకుండా చిత్రకారులు శ్రద్ధ వహించారు. కొంగు గట్టిగా, త్రికోణాకారంలో బయటికి పొడుచుకొని వచ్చినట్లు ఉంటుంది. పురుషుల కుళ్లాయిల మీద, ఉత్తరీయాల మీద కూడా ఇటువంటి అలంకరణ ఉంది. ఎరుపు, పసుపు, తెలుపు, నలుపు, ఆకుపచ్చ రంగులను సమతలంగా నింపి, నల్లని రేఖతో అంచు కట్టడం ఈ శైలి లక్షణం.

ఆలయంలోని లతామండపం స్తంభాల మీద తీగలు, పూలు, పక్షులు తక్కువ ఎత్తులో చెక్కబడ్డాయి. ఒక ముఖం మీది ఆకృతి మరొక ముఖం మీద లేకుండా మార్చి మార్చి చెక్కారు. ధర్మవరం చీరల అంచులు ఈ స్తంభాల నుండి పుట్టాయన్నది స్థానికంగా వినిపించే మాట. ఈ మాటను కొంచెం సవరించి అర్థం చేసుకోవాలి. పైకప్పు మీది చీరలను చిత్రించినవారు తమ కంటి ముందున్న బట్టలను ఆధారం చేసుకున్నవారే. స్తంభం మీద ఒకే ప్రమాణంలో పునరావృతమయ్యే తీగకు కూడా నేతలోని పునరావృత్తి లక్షణమే ఉంది. కాబట్టి ప్రయాణం రాతి నుండి బట్టకు మాత్రమే సాగలేదు. బట్ట మీది ఆకృతి ముందు సున్నపు పూత మీదికి, రాతి మీదికి చేరింది. ఆ తరువాతి కాలంలో అక్కడి నుండి మళ్లీ బట్టకు తిరిగి వచ్చింది. 16వ శతాబ్దపు చీర చిరిగిపోయినా దాని ఆకృతిని ఆలయం భద్రపరిచింది. పాల్కురికి సోమనాథుడు మొదలైన కవులు తమ కాలపు వస్త్రాల పేర్లను పెద్ద జాబితాలుగా మిగిల్చారు. ఆ జాబితాలలో పేర్లున్నాయి, రూపాలు లేవు. లేపాక్షిలో రూపాలున్నాయి, పేర్లు లేవు. తెలుగు వస్త్ర చరిత్ర రచనకు ఈ రెండు ఆధారాలనూ పక్కపక్కన పెట్టి చదవడం అవసరం.

గడి లెక్క: జాకార్డు అట్టలు

రాతి తీగను మగ్గానికి ఎక్కించాలంటే ముందుగా దానిని కాగితం మీద గీయాలి. ఆ గీతను గళ్ల కాగితం మీదికి, అంటే గ్రాఫు మీదికి మార్చాలి. గ్రాఫులో ఒక నిలువు వరుస ఒక పడుగు పోగుకు, ఒక అడ్డ వరుస ఒక పేకకు సంకేతం. రంగు నింపిన గడి ఉన్నచోట పడుగు పోగు పైకి లేవాలి, ఖాళీ గడి ఉన్నచోట కింద ఉండిపోవాలి. దీనితో బొమ్మ కేవలం ‘ఔను, కాదు’ల పట్టికగా మారుతుంది.

జాకార్డుకు ముందు కూడా ఈ లెక్క ఉంది. లేపవలసిన పోగులను ముందే దారాలతో కట్టలు కట్టి, పేక పేకకూ సహాయకుడు ఆ దారాలను లాగుతుండగా నేసేవారు. ఆకృతి దారాల ముడులలో నిక్షిప్తమై ఉండేది. ఐరోపాలో 1725లో బసీల్ బూషోఁ చిల్లుల కాగితపు చుట్టను, 1728లో జాఁ ఫాల్కోఁ దండగా కట్టిన అట్టలను ఇదే పనికి వినియోగించారు. 1745 ప్రాంతంలో వోకాన్‌సోఁ చేసిన మార్పుల తరువాత, 1804లో ఫ్రాన్సులోని లియోఁ నగరానికి చెందిన జోసెఫ్ మరీ జాకార్డు ఈ పద్ధతులన్నిటినీ పనికివచ్చే యంత్రంగా కూర్చాడు. 1839లో అదే నగరంలో జాకార్డు చిత్రాన్ని పట్టుమీద నేయడానికి సుమారు 24,000 అట్టలు పట్టాయి. ఒక్క బొమ్మను సంకేతాలుగా మార్చడానికి ఎంత శ్రమ అవసరమో ఈ సంఖ్య తెలుపుతుంది.

మగ్గం మీద అమర్చిన జాకార్డు పెట్టె పనితీరు సరళమైనది. ఒక పేకకు ఒక అట్ట. అట్ట వచ్చి సూదుల వరుసకు తగులుతుంది. చిల్లు ఉన్నచోట సూది కదలకుండా నిలిచి, దాని కొక్కెం పడుగు పోగును పైకి లేపుతుంది. చిల్లు లేనిచోట అట్ట సూదిని నెట్టివేయడం వల్ల కొక్కెం తప్పుకొని పోగు కిందనే ఉంటుంది. చేనేతలో 120, 240 కొక్కేల పెట్టెలు వాడుకలో ఉన్నాయి. 240 పేకలకు ఒకసారి పునరావృతమయ్యే అంచుకు 240 అట్టలు కావాలి. దండ చివరి అట్టను మొదటి అట్టతో కలిపి కుడితే అంచు ఎంత పొడవైనా సాగుతుంది.

ఇక్కడ మొదటి నిర్ణయం ఎదురవుతుంది. పడుగు సాంద్రత, పేక సాంద్రత సాధారణంగా సమానంగా ఉండవు. ఉదాహరణకు అంగుళానికి 80 పడుగు పోగులు, 60 పేకలు ఉన్నాయనుకుందాం. చదరపు గళ్ల కాగితం మీద గుండ్రంగా గీసిన పువ్వు 80 నిలువు వరుసలు, 80 అడ్డ వరుసలు ఆక్రమిస్తే, బట్ట మీద దాని వెడల్పు ఒక అంగుళం, పొడవు అంగుళానికి మూడో వంతు అధికం అవుతుంది. బట్ట మీద గుండ్రంగా రావాలంటే గ్రాఫు మీద దానిని చప్పిడిగా గీయాలి, లేదా ఆ నిష్పత్తికి తగిన గళ్ల కాగితాన్ని ఎంచుకోవాలి. బట్ట మీద సరిగ్గా రావడానికి కాగితం మీద తప్పుగా గీయడం ఈ విద్యలోని మొదటి పాఠం.

రెండవ నిర్ణయం జరీకి సంబంధించినది. లేపాక్షి స్తంభం మీది పెద్ద ఆకును జరీతో నింపాలంటే జరీ పోగు చాలా దూరం బట్టను పట్టుకోకుండా పైన తేలవలసి వస్తుంది. అలా తేలిన పోగు ఉంగరానికో, గాజుకో తగిలి లేచిపోతుంది. కాబట్టి మధ్యమధ్య దానిని బట్టకు కట్టివేసే చుక్కలను గ్రాఫు మీదనే పెట్టాలి. ఆ చుక్కలు రాతి ఆకులో లేవు. అవి ఎక్కడ పెట్టాలో గ్రాఫు గీసినవాడు నిర్ణయిస్తాడు. నేర్పరి అయినవాడు వాటిని ఆకు ఈనెలుగా కనిపించేటట్లు అమరుస్తాడు. రాతిలో ఉలి చేసిన ఈనె పని బట్టలో కట్టు చుక్క చేస్తుంది.

మూడవది వదులుకోవడానికి సంబంధించిన నిర్ణయం. 240 కొక్కేలలో ఇమడని తీగను కుదించాలి. రెండు మలుపులలో ఒకటి పోవాలి, లేదా హంస మెడ పొట్టి కావాలి. ధర్మవరం అంచులలో కనిపించే హంస, నెమలి, మామిడి పిందె, రుద్రాక్ష వంటి ఆకృతుల పొందిక ఇటువంటి ఎంపికల ఫలితం. అందువల్ల ఒక అంచు లేపాక్షిని పోలి ఉందా లేదా అన్న ప్రశ్న కంటే, లేపాక్షిలో దేనిని ఉంచి దేనిని విడిచింది అన్న ప్రశ్న పరిశోధనకు ఎక్కువ ఫలవంతమైనది.

కంప్యూటరు వచ్చాక గ్రాఫు తెర మీదికి మారింది. గళ్లు నింపడం, పునరావృత్తి చూడడం, రంగు మార్చడం సులభమయ్యాయి. ఎలక్ట్రానిక్ జాకార్డులో అట్టలే లేవు. ఫైలులోని సంకేతాన్ని అనుసరించి కొక్కెం లేస్తుంది. అయినా పైన చెప్పిన మూడు నిర్ణయాలలో ఏదీ తప్పిపోలేదు.

సూది దారి: యంత్రపు కుట్టు చరిత్ర

కుట్టుపనిలో యంత్రానికి బొమ్మను అందించే ప్రయత్నం వేరొక మార్గంలో సాగింది. 1828లో ఫ్రాన్సులోని మ్యూలూజ్‌లో జోస్వే హైల్మన్ చేతితో నడిపే కుట్టు యంత్రాన్ని రూపొందించాడు. బొమ్మను ఆరు రెట్లు పెద్దదిగా గీసి, ప్రతి కుట్టును దానిమీద గుర్తించేవారు. పనివాడు ఒక ముల్లును ఆ గుర్తుల మీదుగా జరుపుతుంటే, దానికి అనుసంధానించిన చట్రం బట్టను ఆరో వంతు దూరం కదిపేది. 1863లో స్విట్జర్లాండుకు చెందిన ఇసాక్ గ్రోబ్లి షిఫ్లి యంత్రాన్ని కనిపెట్టాడు. దాని నాడె చిన్న పడవ ఆకారంలో ఉండడం వల్ల ఆ పేరు వచ్చింది. 1898లో ఆయన కుమారుడు జర్మనీలోని ప్లౌయెన్‌లో, చిల్లుల కాగితపు పట్టీని చదువుకొని తానే కుట్టే యంత్రాన్ని తయారుచేశాడు. జాకార్డు చిల్లు అప్పుడు కుట్టుపనిలోకి ప్రవేశించింది.

20వ శతాబ్దం చివరి దశాబ్దాలలో కాగితపు పట్టీ స్థానాన్ని కంప్యూటరు ఫైలు ఆక్రమించింది. జపానుకు చెందిన తజిమా సంస్థ యంత్రాలతో వ్యాప్తిలోకి వచ్చిన డీఎస్‌టీ ఫైలు నేటికీ అనేక సంస్థల యంత్రాలు చదవగల ఉమ్మడి రూపంగా నిలిచింది. దాని నిర్మాణాన్ని గమనిస్తే కాగితపు పట్టీ జాడలు కనిపిస్తాయి. ఒక్కొక్క కుట్టుకు మూడు బైట్లు. సూది వెనుకటి స్థానం నుండి అడ్డంగా ఎంత, నిలువుగా ఎంత జరగాలన్నది మాత్రమే అందులో ఉంటుంది. కొలత మిల్లీమీటరులో పదో వంతు. దూరాన్ని 1, 3, 9, 27, 81 అనే తూకపురాళ్లతో లెక్కకట్టడం ఇందులోని విశేషం. త్రాసులో సరుకున్న పళ్లెంలో కొన్ని రాళ్లు, ఎదుటి పళ్లెంలో కొన్ని రాళ్లు వేసి తూచినట్లు, ఈ సంఖ్యలను కూడుతూ తీసివేస్తూ ఎంత దూరాన్నైనా చెప్పవచ్చు. అన్నీ కూడితే 121. కాబట్టి ఒక కదలిక పరిమితి ఇటు గానీ అటు గానీ 12.1 మిల్లీమీటర్లు. అంతకు మించిన దూరాన్ని ముక్కలు చేయాలి.

ఈ ఫైలులో లేనివేవో గమనించడం కూడా ముఖ్యం. అందులో రంగు లేదు. దారం మార్చడానికి ఆగమన్న ఆజ్ఞ మాత్రమే ఉంటుంది. ఏ రంగు ముందు, ఏది తరువాత అన్నది విడిగా కాగితం మీద రాసుకోవాలి. అందులో పువ్వు లేదు, హంస లేదు. కదలికల వరుస మాత్రమే ఉంది. ఫైలును చదివి ఇది లేపాక్షి హంస అని యంత్రం చెప్పలేదు.

ముగ్గు ఉపమానం

నేత అట్టకు, కుట్టు ఫైలుకు ఉన్న మౌలిక భేదాన్ని తెలుగింటి ముగ్గుతో స్పష్టం చేయవచ్చు. చుక్కల లెక్క ప్రకారం గళ్లు నింపుకుంటూ పోయే ముగ్గు ఉంది. చేయి ఎత్తకుండా చుక్కల చుట్టూ తిరిగి మొదలుపెట్టిన చోటికే చేరే మెలికల ముగ్గు ఉంది. జాకార్డు అట్ట మొదటి దానివంటిది. పేకలు ఒకదాని తరువాత ఒకటి కింది నుండి పైకి పడవలసిందే; క్రమాన్ని ఎంచుకునే స్వేచ్ఛ లేదు. కుట్టు ఫైలు రెండవ దానివంటిది. సూది ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ దారిన వెళ్లాలి, ఎక్కడ ముగించాలి అన్నది రూపాంతరకర్త నిర్ణయం. దారి సరిగా లేకపోతే సూది ఒక రేకు నుండి దూరపు రేకుకు గెంతుతుంది. గెంతిన ప్రతిచోటా దారం కత్తిరించాలి, కత్తిరించిన చోట ముడి వదులవుతుంది, వెనుకవైపు దారాలు చిక్కుపడతాయి.

దారి నిర్ణయమైన తరువాత కుట్టు రకం నిర్ణయించాలి. సన్నని తీగకు వరుస కుట్టు, రేకుకు ఒక అంచు నుండి మరొక అంచుకు పోయే శాటిన్ కుట్టు, వెడల్పైన చోటికి చాప అల్లికలా పొట్టి కుట్లతో నింపే పద్ధతి వాడతారు. శాటిన్ కుట్టు మరీ పొడవైతే జరీ పోగు లాగానే దేనికో తగిలి లేచిపోతుంది. అందువల్ల దానిని మధ్యలో విడగొట్టాలి. గ్రాఫు గీసేవాడు పెట్టిన కట్టు చుక్క, ఫైలు చేసేవాడు పెట్టిన ఈ విరుపు ఒకే సమస్యకు రెండు వృత్తులు కనుగొన్న ఒకే పరిష్కారం.

దారం బిగువు వల్ల బట్ట కుట్టు దిశలో లోపలికి లాగుకుంటుంది. గుండ్రంగా ఉండవలసిన గింజ కోలగా మారుతుంది. దీనిని నివారించడానికి ఫైలులో గింజను కుట్టు దిశలో కొంత వెడల్పుగా గీయాలి. పై కుట్లకు ముందు బట్టను నిలబెట్టే అడుగు కుట్లు వేయాలి. గ్రాఫులో చప్పిడిగా గీసిన పువ్వుకు, ఫైలులో వెడల్పు చేసిన గింజకు సూత్రం ఒక్కటే. రెండు చోట్లా తుది రూపాన్ని దృష్టిలో పెట్టుకొని మూల రూపాన్ని మార్చక తప్పదు.

కుట్ల లెక్క కూడా ఊహకు అందేదే. కుట్టు వరుసల మధ్య దూరం 0.4 మిల్లీమీటర్లు, కుట్టు పొడవు 4 మిల్లీమీటర్లు అనుకుంటే ఒక చదరపు సెంటీమీటరు నింపడానికి 25 వరుసలు, అరవైకి పైగా కుట్లు కావాలి. అడుగు కుట్లు దీనికి అదనం. జాకెట్టు చేతుల మీద, వీపు మీద నిండుగా పరిచే ఆకృతికి కుట్లు వేల సంఖ్యలో ఉంటాయి. వాటిలో ప్రతి ఒక్కదాని స్థానానికి ఫైలు బాధ్యత వహిస్తుంది.

పట్టుబట్ట మీద ఈ బాధ్యత మరింత పెరుగుతుంది. నేతలో తప్పు పడిన పేకను విప్పి మళ్లీ వేయవచ్చు. పట్టు మీద సూది చేసిన రంధ్రం దారం తీసిన తరువాత కూడా కనిపిస్తుంది. కుట్లు మరీ దగ్గరైతే బట్ట చిరిగే ప్రమాదం ఉంది, దూరమైతే కింది రంగు కనబడుతుంది. మెరుపు దారం సాధారణ దారం కంటే త్వరగా తెగుతుంది. దానికి యంత్రం వేగం తగ్గించాలి, ఫైలులో కుట్ల దట్టాన్ని సడలించాలి. నూలు బట్టకు చేసిన ఫైలు పట్టుకు, మామూలు దారానికి చేసిన ఫైలు మెరుపు దారానికి యథాతథంగా పనికిరాదు.

ఈ పరిమితులతో పాటు కుట్టుకు ఒక సౌలభ్యం ఉంది. నేతలో పడుగు పేకలు ఎప్పుడూ లంబంగానే ఉంటాయి. కుట్టులో దారాన్ని ఏ కోణంలోనైనా పరచవచ్చు. దిశ మారినప్పుడు వెలుగు పడే తీరు మారుతుంది. లతామండపం స్తంభం మీద తీగ లోతును నీడ చూపిస్తుంది. ఆ నీడను నేతలో రంగు భేదంతో చూపాలి. కుట్టులో రేకు రేకుకూ దారం కోణం మార్చి చూపవచ్చు. బొమ్మను ఇచ్చిన వెంటనే తానే కుట్లు వేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. అవి హద్దులను గుర్తించి నింపుతాయి. ఏ రేకు ముందున్నదో, ఏది వెనుకకు మడిగిందో నిర్ణయించడానికి శిల్పాన్ని చూసి అర్థం చేసుకున్న కన్ను కావాలి.

పదజాలం: మగ్గం, అట్ట, పంచింగ్

ఈ వృత్తుల పదజాలం భాషా పరిశోధకులకు ప్రత్యేక ఆసక్తి కలిగించేది. నేసే సాధనానికి తెలుగులో మగ్గం అని పేరు. ఈనాడు తెలుగు పట్టణాలలో ‘మగ్గం వర్క్’ అంటే నేత కాదు. చట్రానికి బిగించి కట్టిన బట్ట మీద ఆరీ సూదితో, పూసలతో, జరీతో చేసే చేతి కుట్టుపని. బట్టను బిగించే చట్రం మగ్గాన్ని తలపించడం వల్ల నేత పదం కుట్టుపనికి విస్తరించింది. దానికి పోటీగా వచ్చిన యంత్రపు పనిని ‘కంప్యూటర్ ఎంబ్రాయిడరీ’ అంటున్నారు. చేతి పనికి తెలుగు మాట, యంత్రపు పనికి ఆంగ్లపు మాట స్థిరపడడం రెండింటికీ సమాజం ఇచ్చిన స్థానాలను సూచిస్తుంది.

కుట్టు ఫైలు తయారుచేయడాన్ని వృత్తిలో ‘పంచింగ్’ అంటారు. ఈ ఫైలులో ఎక్కడా చిల్లు లేదు. 1898 నాటి కాగితపు పట్టీకి చిల్లులు కొట్టే పని పేరు, పట్టీ అంతరించిన తరువాత కూడా మిగిలిపోయింది. జాకార్డు అట్టలకు చిల్లులు కొట్టడాన్ని కూడా పంచింగ్ అనే అంటారు. నేత, కుట్టు అనే రెండు వేరువేరు చరిత్రలు ఈ ఒక్క మాటలో కలుస్తున్నాయి. వస్తువు మారినా మాట నిలిచి, లోపలి చరిత్రను కాపాడడానికి ఇది మంచి ఉదాహరణ.

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తి పదకోశాన్ని భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో చేపట్టింది. వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాల సంపుటం 1971లో వెలువడ్డాయి. వృత్తి పదాలను క్షేత్రం నుండి సేకరించి భాషాశాస్త్ర పద్ధతిలో కూర్చడంలో అవి మార్గదర్శకాలు. రెండవ సంపుటం వెలువడిన తరువాతి అర్ధశతాబ్దంలోనే గ్రాఫు తెర మీదికి, అట్ట ఫైలులోకి మారాయి. ఈ మార్పుతో వచ్చిన మాటలు కొన్ని అరువు పదాలు, కొన్ని అర్థవిస్తరణ పొందిన పాత పదాలు, కొన్ని మిశ్రమ సమాసాలు. వీటిని సేకరించకపోతే రూపాంతర విద్యలోని ఒక తరం జ్ఞానం భాషలో జాడ లేకుండా పోతుంది.

ఆకృతి ఎవరిది?

లేపాక్షి ఆలయం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. రాతి తీగను చెక్కి తీసుకుపోతే నేరం. దానిని చూసి గీసుకోవడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. అది అందరి ఆస్తి. ఆ తీగను అంచుగా మార్చిన రూపాంతరకర్త శ్రమకు ఏ రక్షణ ఉంది అన్నది ప్రశ్న.

ధర్మవరం చేనేత పట్టుచీరలు, పావడాలు 1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టం కింద నమోదయ్యాయి. ఈ నమోదు ధర్మవరం అనే పేరును, ఆ ప్రాంతపు నేతను కాపాడుతుంది. ఒక ప్రత్యేక ఆకృతిని వేరొక పేరుతో, వేరొక చోట వాడుకోవడాన్ని అది ఆపలేదు. 1985 నాటి చేనేత రిజర్వేషన్ల చట్టం అదనపు పడుగు, అదనపు పేకలతో బొమ్మ తేల్చే చీరలను చేనేతకు కేటాయించింది. ఇది మరమగ్గం మీద నేయడానికి వర్తించే నిషేధం. ఆకృతి యాజమాన్యంతో దీనికి సంబంధం లేదు. 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదైన కొత్త ఆకృతికి పదేళ్లు, పొడిగిస్తే మరో ఐదేళ్లు రక్షణ లభిస్తుంది. నమోదుకు అర్హత ఉండీ నమోదు చేయించని ఆకృతి విషయంలో 1957 నాటి కాపీరైటు చట్టం 15వ సెక్షను మరింత కఠినమైనది. అటువంటి ఆకృతితో పారిశ్రామిక పద్ధతిలో యాభై కంటే ఎక్కువ వస్తువులు తయారైతే దానిమీద కాపీరైటు అంతరిస్తుంది. ఆదరణ పొందిన అంచు యాభై చీరలు దాటడానికి ఎక్కువ కాలం పట్టదు. అంటే ఆకృతి ఎంత విజయవంతమైతే దాని కర్త హక్కు అంత త్వరగా కరుగుతుంది.

అట్టల కాలంలో ఈ లోపాన్ని వస్తువు బరువు కొంతవరకు కప్పింది. వందల అట్టల దండను మోసుకుపోవడం, దానికి నకలు కొట్టడం శ్రమతో కూడిన పనులు. దండ ఉన్న ఇల్లు ఆకృతికి అనధికార నివాసం. ఫైలుకు బరువు లేదు. క్షణంలో మరొక ఊరి మరమగ్గానికి చేరగలదు. చేనేత కుటుంబం రోజుల తరబడి నేసిన చీర మీది అంచు, తక్కువ ధర చీర మీద అదే కాలంలో అంగడికి వస్తే నష్టపోయేది నేతకారుడు. అదే అంచును జాకెట్టు మీద కుట్టడానికి మార్చిన ఫైలు చేతులు మారితే, చేతి మగ్గం పని మీద బతికే వారి కూలి తగ్గుతుంది. రూపాంతరం సులభమైనకొద్దీ దాని భారం చివరి చేతుల మీద పడుతున్నది.

భద్రపరచడం విషయంలో కూడా ఫైలు అట్ట కంటే మెరుగైనదని చెప్పలేం. అట్టను ఎండకు ఎత్తి చూస్తే చిల్లులు కనిపిస్తాయి. గళ్ల కాగితం ఉంటే బొమ్మను తిరిగి గీయవచ్చు. ఫ్లాపీ డిస్కులో మిగిలిన ఫైలును చదవడానికి ఆనాటి యంత్రం కావాలి. డీఎస్‌టీ ఫైలులో రంగు లేనందువల్ల విడి కాగితం పోతే సగం ఆకృతి పోయినట్లే. ఐదు శతాబ్దాలుగా ఆకృతిని నిలిపిన రాయి ముందు ఐదు దశాబ్దాల ఫైలు ఇంకా పరీక్షలోనే ఉంది.

ముగింపు

లేపాక్షి స్తంభం, ధర్మవరం అంచు, కుట్టు ఫైలు ఒకే చరిత్రలోని మూడు దశలు. బట్ట నుండి రాతికి, రాతి నుండి గ్రాఫుకు, గ్రాఫు నుండి అట్టకు, అట్ట నుండి ఫైలుకు మారిన ప్రతిసారీ ఆకృతి కొంత విడిచింది, కొంత పొందింది. ఏది విడవాలో నిర్ణయించినది యంత్రం కాదు. సరిగ్గా రావడానికి తప్పుగా గీయడం, లేచిపోయే పోగును ఈనెగా మలచి కట్టివేయడం, సూదికి దారి చూపడం ఆ నిర్ణయాలలో ముఖ్యమైనవి. అనువాదకునికి సాహిత్య చరిత్రలో ఉన్న స్థానం వస్త్ర చరిత్రలో రూపాంతరకర్తకు కూడా ఉండాలి.

ఈ దిశలో మూడు పనులు తక్షణావసరాలు. మొదటిది, ధర్మవరం పరిసరాలలోని పాత గ్రాఫులను, అట్టల దండలను, వాటితో నేసిన బట్ట ముక్కలను కలిపి భద్రపరచడం. రెండవది, ఫైలును దాని రంగుల జాబితాతో, మూలాకృతి ఛాయాచిత్రంతో, రూపాంతరకర్త పేరుతో కలిపి నమోదు చేసే పద్ధతిని చేనేత సంస్థలు చేపట్టడం. మూడవది, 1971 నాటి చేనేత పదకోశానికి కొనసాగింపుగా గ్రాఫు, పంచింగ్, యంత్రపు కుట్టు పదాలను క్షేత్రంలో సేకరించడం. మొదటి రెండు పనులు వస్తు సంగ్రహాలకు, చేనేత సంస్థలకు చెందినవి. మూడవది తెలుగు శాఖల బాధ్యత. పాత గ్రాఫు గీసిన చేతులు, కొత్త ఫైలు చేస్తున్న చేతులు ఒకే ఊరిలో పక్కపక్కన ఉన్న ఈ కాలమే ఆ సేకరణకు తగిన సమయం.